పాంపే ఇంటి గోడ: బొమ్మకు ముందు సున్నం, రాతకు ముందు చోటు

మీరు అడిగినవి మూడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పూడిపోయిన ఇటలీలోని రోమన్ ఊరు పాంపే ఇళ్ళ ఫొటోల్లో రంగుల బొమ్మల పక్కనే గీకిన అక్షరాలు కనిపిస్తున్నాయి, అవి బొమ్మలు వేసినవాళ్ళ రాతలా, తర్వాత ఎవరో గోడ పాడుచేశారా? రంగు రెండు వేల ఏళ్ళు ఎలా నిలిచింది? అక్కడికి వెళ్తే ఆ రాతల్ని ఎలా గుర్తుపట్టి చదవాలి?

క్లుప్తంగా చెప్పాలంటే, బొమ్మలు వేసిన చేతులు వేరు, గీకిన చేతులు వేరు. గీకిన వాటిలో ఎక్కువభాగం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళవీ, ఇంటికి వచ్చిపోయినవాళ్ళవీ. వాటిని గోడ పాడుచేయడంగా చూస్తే సగం అర్థం పోతుంది. రంగు నిలవడానికీ, గీత ఈనాటికీ కనబడటానికీ కారణం మాత్రం ఒక్కటే: సున్నపు పూత. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. చాలామంది బొమ్మల కథల దగ్గర మొదలుపెట్టి, పూతను పట్టించుకోకుండా వదిలేస్తారు. తర్వాత ఏ గీత ముందుదో ఏది వెనకదో తేల్చలేక ఇబ్బంది పడతారు.

క్రీ.పూ. 1వ శతాబ్దంలో వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన పద్ధతి ఇది. రాతి గోడకు ముందు ఒక గరుకు పూత. దాని మీద ఇసుక కలిపిన సున్నం మూడు పూతలు. ఆ పైన చలువరాతి పొడి కలిపిన సున్నం మరో మూడు పూతలు, ఒక్కో పూతకూ పొడి ఇంకాస్త మెత్తగా. కింది పూత పూర్తిగా ఎండకముందే పై పూత పడాలి. ఇసుక పాళ్ళు కూడా ఆయన చెప్పాడు: తవ్వి తీసిన గుంట ఇసుకైతే మూడు పాళ్ళకు ఒక పాలు సున్నం, ఏటి ఇసుక లేదా సముద్రపు ఇసుకైతే రెండు పాళ్ళకు ఒకటి. సముద్రపు ఇసుక వాడితే గోడ నుంచి ఉప్పు ఊరి పూత విడిపోతుందని హెచ్చరిక కూడా ఉంది. ఇది మన కోస్తా ఊళ్ళలో మేస్త్రీలకు కొత్త సంగతి కాదు.

సున్నం ఎంత కాలం నానితే అంత మంచిది. కాల్చిన సున్నపు రాయిని నీళ్ళలో వేస్తే ఉడికి ముద్దవుతుంది. లోపల ఉడకని పలుకులు మిగిలితే, గోడ మీదకెక్కాక అవి నెమ్మదిగా ఉబ్బి పూతను పొక్కులు పొక్కులుగా పగలగొడతాయి. మూడేళ్ళకంటే తక్కువ నానిన సున్నాన్ని వాడకూడదని పాత రోమన్ కట్టడి ఒకటి ఉండేదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ముద్ద సిద్ధమైందో లేదో చూసే పరీక్ష విట్రూవియస్ ఇచ్చాడు: సున్నపు గుంటలో గొడ్డలిలాంటి పనిముట్టు దింపి చూడాలి. అంచుకు పలుకులు తగిలితే ఇంకా నానలేదు. ఇనుము శుభ్రంగా పైకొస్తే సున్నంలో సత్తువ లేదు. జిగురులా చుట్టూ పట్టుకుంటే సరిగ్గా ఉన్నట్టు. గానుగ సున్నం పని చూసినవాళ్ళకు ఈ జిగురు ఏమిటో చెప్పనక్కర్లేదు.

పాంపేలో ఏడు పూతలూ ఉన్న గోడలు అరుదు. మామూలు ఇళ్ళలో రెండు మూడు పూతలే. డబ్బున్న ఇంట్లో కూడా అతిథులు కూర్చునే గదిలో పూత మందంగా, వంటింట్లో పల్చగా ఉంటుంది. కాబట్టి పూత మందమే ఆ గది విలువకు ఒక కొలత. గోడ విరిగిన అంచు దగ్గర ఒకసారి వంగి చూడండి. బూడిద రంగు ఇసుక పూత మీద తెల్లని, మెరిసే పలుకులున్న పూత కనిపిస్తుంది. ఆ పలుకులు చలువరాతి పొడి, లేదా కాల్సైట్.

చెమ్మ గోడలకు విట్రూవియస్ చెప్పినది వేరే విధానం. నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తు వరకు ఇసుక బదులు నలగ్గొట్టిన పెంకుల పొడి, అంటే మన సుర్ఖీ, కలపమన్నాడు. చెమ్మ ఇంకా ఎక్కువైతే అసలు గోడకు కాస్త ఎడంగా సన్నని రెండో గోడ కట్టి, మధ్యలో అడుగున కాలువ, పైన గాలి రంధ్రాలు పెట్టమన్నాడు. పాంపేలో గోడల కింది భాగమే ముందు పాడవడానికి కారణం ఈ చెమ్మే. నేలలోని నీళ్ళు ఉప్పుతో కలిసి పైకెక్కుతాయి. నీరు ఆవిరయ్యాక ఉప్పు పలుకులు రంగు వెనక గడ్డకట్టి దాన్ని బయటికి తోసేస్తాయి.

ఇక రంగు. తడి సున్నం మీద నీళ్ళలో కలిపిన రంగు పూస్తే, సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. ఆ మార్పులో పైన సన్నని రాతి పొర ఏర్పడి రంగు పలుకుల్ని తనలో బంధిస్తుంది. జిగురు అక్కర్లేదు. నిలవడానికి కారణం ఇదే. అజంతాలో పద్ధతి వేరు. అక్కడ మట్టి పూత మీద జిగురు కలిపిన రంగులు. రెంటినీ ‘ఫ్రెస్కో’ (తడి సున్నం మీద వేసిన బొమ్మ) అనేయడం పొరపాటు.

చిక్కల్లా సమయం దగ్గరే. పూత తడిగా ఉన్నంతసేపే రంగు పడుతుంది. ఆలస్యమైతే రంగు పైపైన నిలిచి తర్వాత పొడిగా రాలుతుంది. అందుకే గోడను అడ్డపట్టీలుగా విడగొట్టి, పరంజా మీద పై పట్టీతో మొదలుపెట్టి కిందికి దిగేవాళ్ళు. పైన పని చేస్తుంటే కింద చుక్కలు పడతాయి. కింద ఇంకా పూత వేయలేదు కనుక నష్టం లేదు. రెండు పట్టీల అతుకును రంగు గీత కిందో, గచ్చుతో చేసిన అంచు కిందో దాచేవాళ్ళు. పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే అతుకు కనిపిస్తుంది. ఏ పూత ఏ పూత మీదికి ఎక్కిందో చూస్తే ఏ పట్టీ ముందుదో తెలిసిపోతుంది.

తిన్నని గీతలకు దారాన్ని లాగి పట్టి తడి పూత మీద కొట్టేవాళ్ళు. వడ్రంగులు నూలు కొట్టినట్టే. దారపు పురి అచ్చు ఇప్పటికీ కొన్ని గోడల మీద ఉంది. గుండ్రాలకు కంపాస్. దాని ముల్లు దిగిన చిన్న గుంట నడుమ కనిపిస్తుంది. ఈ గుంటల్నీ, దారపు గీతల్నీ రాతలుగా పొరబడకూడదు. అవి చిత్రకారుల కొలతలు.

గోడ మధ్యలో ఉండే పెద్ద కథాచిత్రం, అంటే పురాణ ఘట్టం, తరచు వేరే పూత మీద, వేరే చేతితో వేసినది. చుట్టూ ఒకే రంగు పట్టీలు, స్తంభాలు, లతలు వేసేవాళ్ళు ఒక జట్టు. ఆ మధ్య చోటు ఖాళీగా వదిలి, చివర్లో కొత్త పూత వేసి, మెరుగైన చిత్రకారుడు బొమ్మ వేసేవాడు. ఇది ఎలా జరిగిందో కళ్ళకు కట్టే ఇల్లు ఒకటుంది: తొమ్మిదో ప్రాంతం, పన్నెండో దిమ్మె (ఇళ్ళ గుంపు)లోని ‘పనిలో ఉన్న చిత్రకారుల ఇల్లు’. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు అక్కడ ఒక పెద్ద గదిలో పని నడుస్తూ ఉంది. గోడ పై భాగం పూర్తయింది. నడుమ పట్టీలో పక్క భాగాలకు రంగు పడింది, మధ్య చిత్రం మాత్రం పసుపు గీతల రూపురేఖల దగ్గరే ఆగిపోయింది. రంగు గిన్నెలు, కంపాస్, సున్నం అక్కడే దొరికాయి. రోమన్ గోడచిత్రం గురించి ఒక్క ఇల్లే చూడగలిగితే ఆ గదినే చూడమంటాను. పూర్తయిన గోడ తన పని క్రమాన్ని దాచేస్తుంది, ఆగిపోయిన గోడ దాన్ని బయటపెడుతుంది.

రంగుల్లో చవకవి మట్టి రంగులు: పసుపు మట్టి, ఎర్ర మట్టి, పచ్చ మట్టి, దీపపు మసి, సున్నం తెలుపు. ఇవి చిత్రకారుడే తెచ్చుకునేవాడు. ఖరీదైనవి ఇంటి యజమాని ఇవ్వాలి. వాటిలో ముఖ్యమైనది ఇంగిలీకం అనే ఎర్ర ఖనిజం. స్పెయిన్‌లోని సిసాపో గనుల నుంచి వచ్చేది. ధర పౌనుకు 70 సెస్టెర్సులు (రోమన్ నాణేలు) దాటకూడదని చట్టమే పెట్టారని ప్లినీ చెబుతాడు. పనివాళ్ళు కుంచెను మాటిమాటికీ నీళ్ళలో కడిగేవాళ్ళట. బరువైన ఇంగిలీకం అడుగున పేరుకుంటుంది, సాయంత్రం ఆ అడుగుది వాళ్ళకే మిగులుతుంది. కల్తీ పరీక్ష కూడా ఉంది: ఇనుప రేకు మీద ఎర్రగా కాల్చితే నల్లబడుతుంది. చల్లారాక మళ్ళీ ఎరుపుకు వస్తే అసలుది, నల్లగానే ఉండిపోతే సున్నం కలిపినది.

ఇంగిలీకానికి ఎండ పడదు. ఫబేరియస్ అనే లేఖకుడు రోమ్‌లో అవెంటైన్ కొండ మీద తన ఇంటి స్తంభాల నడవను ఇంగిలీకంతో రంగు వేయించుకుంటే ముప్పై రోజుల్లో గోడలు మచ్చలు పడి, మళ్ళీ వేరే రంగులు వేయించాల్సి వచ్చిందని విట్రూవియస్ రాశాడు. విరుగుడు మైనపు పూత: తెల్లబరిచిన మైనాన్ని కొంచెం నూనెతో కరిగించి, ఎండిన గోడకు కుంచెతో పట్టించి, ఇనుప పాత్రలోని బొగ్గుల వేడిని గోడకు దగ్గరగా పెట్టి మైనం చెమర్చేలా చేసి, శుభ్రమైన నారగుడ్డతో రుద్దాలి. నల్లబడటానికి వెలుతురుతో పాటు క్లోరైడు లవణాలు కూడా కారణమని ఇప్పటి పరీక్షలు చూపాయి. సముద్రానికి దగ్గరి ఊరికి ఇది రెండింతల కష్టం.

నీలం చాలాచోట్ల ఈజిప్టు నీలం. ఇసుక, రాగి రజను, సోడా ఉప్పు కలిపి నూరి, ఉండలు చేసి, మట్టి కుండలో పెట్టి కొలిమిలో కాల్చితే వచ్చేది. మనిషి చేసిన తొలి రంగుల్లో ఒకటి. పుటియోలీ రేవులో వెస్టోరియస్ అనే వ్యాపారి దీని తయారీ పెట్టాడు. దీనికి ఒక గొప్ప గుణం ఉంది. మామూలు వెలుతురు పడితే కంటికి కనబడని పరారుణ కాంతిని వెదజల్లుతుంది. పరారుణ వడపోత తీసేసిన కెమెరాతో చూస్తే, కంటికి తెల్లగానో బూడిదగానో కనబడే చోట కూడా ఒకప్పుడు నీలం ఉందని మెరుస్తూ తేలుతుంది. వెలిసిన బొమ్మల్ని మళ్ళీ చూడటానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

మన వైపు నుంచి వెళ్ళిన రంగు కూడా ఒకటుంది. ప్లినీ ‘ఇండికం’ అన్నది నీలిమందు. యజమాని కొనివ్వాల్సిన ఖరీదైన రంగుల జాబితాలో అది ఉంది. నిప్పుల మీద వేస్తే ఊదా రంగు మంట వస్తే అసలుదని పరీక్ష చెప్పాడు. అయితే నీలిమందు, ఊదా, హరిదళం (ఒక పసుపు రంగు), సీసపు తెలుపు లాంటివి తడి సున్నాన్ని ఒప్పవని కూడా ఆయనే రాశాడు. అలాంటివి ఎండిన పూత మీద వేయాలి, కనుక అవే ముందు రాలిపోతాయి. ఎక్కడైనా బొమ్మలో ఒక్క వస్త్రం మాత్రమే మాయమై మిగతా బొమ్మ గట్టిగా ఉంటే కారణం ఇదే కావచ్చు.

‘పాంపే ఎరుపు’ గురించి ఒక జాగ్రత్త. అక్కడి ఎర్ర గోడల్లో కొన్ని అసలు పసుపు గోడలు. పసుపు మట్టిలోని ఖనిజం సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తనలోని నీటిని కోల్పోయి ఎరుపుగా మారుతుంది. అగ్నిపర్వతపు వేడి పదార్థం తగిలిన చోట్ల అదే జరిగింది. పసుపు, ఎరుపు ఒకే గోడ మీద మరకల్లా కలిసిపోయి ఉంటే, రెండు రంగులు వేశారనుకోకండి.

శైలుల గురించి ఎక్కువ చెప్పను, ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. జర్మన్ పండితుడు ఔగుస్ట్ మావ్ 1882లో నాలుగుగా విడగొట్టాడు. చలువరాతి పలకల్ని గచ్చుతో అనుకరించేది మొదటిది, క్రీ.పూ. 80 దాకా. గోడను తెరిచి స్తంభాలూ ఊళ్ళూ కనబడేలా భ్రమ పుట్టించేది రెండోది, సుమారు క్రీ.పూ. 20 దాకా. చదునైన రంగు పట్టీలు, సన్నని కడ్డీల్లాంటి స్తంభాలు మూడోది, క్రీ.శ. 45 ప్రాంతం దాకా. రెంటినీ కలిపి ఒత్తుగా నింపేసేది నాలుగోది, 79 దాకా. ఈ విభజన మీకు రాతల దగ్గర అక్కరకొస్తుంది: నాలుగో శైలి రంగును కోసుకుంటూ ఒక గీత వెళ్ళిందంటే ఆ గీత సుమారు 45కూ 79కీ మధ్యది. 62లో వచ్చిన భూకంపం తర్వాత కొత్తగా పూసిన గోడ అయితే పదిహేడేళ్ళ లోపుది. శాసనాల తేదీ ఇంత ఇరుకుగా తేలే సందర్భం ప్రాచీన చరిత్రలో చాలా తక్కువ.

ఇప్పుడు రాతలు. ముందు పనిముట్టును బట్టి విడగొట్టండి: కుంచెతో రాసినవి, మొనతో గీకినవి, బొగ్గుతో రాసినవి. ఈ మూడింటి రాసినవాళ్ళూ ఉద్దేశమూ వేరు.

కుంచె రాతలు ఎక్కువగా వీధి వైపు గోడల మీద. ఎన్నికల ప్రచారం, గ్లాడియేటర్ పోటీల ప్రకటనలు, అద్దె ఇళ్ళ ప్రకటనలు. ఎన్నికలవే రెండు వేలకు పైగా ఉన్నాయి. పద్ధతి మన ఊళ్ళలో గోడ రాతలకు అచ్చంగా దగ్గర: ముందు ఒకడు పాత రాత మీద సున్నం కొడతాడు, ఆ తెలుపు మీద రాసేవాడు ఎరుపుతోనో నలుపుతోనో పెద్ద అక్షరాలు వేస్తాడు, రాత్రైతే మరొకడు దీపం పట్టుకుంటాడు. రాసేవాళ్ళు కొన్నిసార్లు సంతకం పెట్టేవాళ్ళు. సాట్రియస్ వాలెన్స్ అనే పెద్దమనిషి 20 జతల గ్లాడియేటర్లను, అతని కొడుకు 10 జతలను ఏప్రిల్ 8 నుంచి 12 వరకు పోరాడిస్తారన్న ప్రకటన కింద, ‘ఎమిలియస్ కెలెర్ ఒక్కడే వెన్నెల్లో రాశాడు’ అని ఉంది. సాయానికి జట్టు లేకుండా పని చేశానని చెప్పుకోవడం అది. చదివినప్పుడల్లా ఆ మనిషి పక్కన నిలబడ్డట్టుంటుంది నాకు.

ఎన్నికల రాతల్లో మూడక్షరాల ముడి ఒకటి పదే పదే వస్తుంది: ఓ, వీ, ఎఫ్. ‘ఓరో వోస్ ఫకియాటిస్’కు పొట్టిరూపం, ‘ఇతన్ని ఎన్నుకోండని వేడుకుంటున్నాను’ అని. ఆ తర్వాతో ముందో సిఫారసు చేసేవాళ్ళ పేరు. ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరిగింది. ఇంటి బయట ఉన్న ఇలాంటి పేర్లను పట్టుకుని, ఫలానా ఇల్లు ఫలానావాడిదని పాత పరిశోధకులు చాలా ఇళ్ళకు యజమానుల్ని కట్టబెట్టారు. బయటి గోడ మీద ఎవరైనా రాయించవచ్చు. వెట్టియులనేవాళ్ళ ఇంటికి ఆ పేరు నిలవడానికి కారణం లోపల దొరికిన కంచు ముద్రలు. అది వేరే స్థాయి సాక్ష్యం.

కుంచె రాత ఇంటి లోపల ఉంటే దాన్ని యజమానే రాయించి ఉంటాడు. దీనికి మంచి ఉదాహరణ ‘నీతికారుడి ఇల్లు’ అని పిలిచే ఇంట్లోని వేసవి భోజనశాల. మూడు గోడల మీద మూడు ద్విపదలు. మొదటిది అతిథి కాళ్ళు నీళ్ళతో కడగాలని, కుర్రాడు తడి తుడవాలని, పక్కల మీద గుడ్డ పరచాలని, మా దుప్పట్లు జాగ్రత్తని చెబుతుంది. రెండోది పరుల భార్య మీద కొంటె చూపులు వద్దంటుంది. మొదలు కొంత పోయిన మూడోది తగాదాలు కట్టిపెట్టు, చేతకాకపోతే మీ ఇంటి దారి పట్టు అంటుంది. ఈ మాటలు పడుకుని తినే మూడు పక్కలకు ఎదురుగా, అతిథి కళ్ళు పడేచోట ఉన్నాయి. విడిగా పుస్తకంలో చదివితే నీతివాక్యాలు. ఆ గదిలో చూస్తే ఇంటి కట్టుబాట్లు.

గీకినవి వేరే లోకం. పనిముట్టు చాలాసార్లు ఇనుప గంటం, మైనం పూసిన చెక్క పలకల మీద రాయడానికి చదువుకున్నవాడి దగ్గర ఉండేది. మేకైనా సరిపోతుంది. అక్షరాలు చిన్నవి, సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తు. గదికి అవతలి వైపు నుంచి కనబడవు. చేయి చాపే దూరంలో నిలబడినవాడికే కనబడతాయి. అందుకే అవి గోడ అందాన్ని చెడగొట్టాయని అప్పటివాళ్ళకు అనిపించినట్టు లేదు. మధ్య కథాచిత్రాల మీద గీకడం అరుదు. ఒకే రంగు పట్టీల్లో, అంచుల్లో, స్తంభాల మీద రాశారు.

చదవడంలో మొదటి కష్టం లిపి. మీకు తెలిసిన రోమన్ పెద్దక్షరాలు ఇక్కడ పనికిరావు. గంటంతో వేగంగా రాసే వాలు లిపి ఇది. ‘ఈ’ అక్షరం రెండు నిలువు గీతలు. ‘ఎఫ్’ ఒక నిలువు, పక్కన ఇంకో పొట్టి గీత. ‘ఎమ్’ నాలుగు నిలువు గీతలు కావచ్చు. ‘ఏ’కు నడుమ అడ్డగీత ఉండదు. ‘బీ’, ‘డీ’ ఒకదానికొకటి పొరబడేలా ఉంటాయి. కాబట్టి నాలుగు నిలువు గీతలు చూస్తే అది ‘ఎమ్’ కావచ్చు, రెండు ‘ఈ’లు కావచ్చు, నాలుగు అనే అంకె కూడా కావచ్చు. పక్క పదమే తేల్చాలి. తాటాకు మీద నిలువు గీత ఆకును చీలుస్తుంది కనుక మన అక్షరాలు గుండ్రబడ్డాయంటారు. గచ్చు మీద దానికి తలకిందులు, వంపు తిప్పడమే కష్టం, తిన్నని గీత సులువు.

రెండో కష్టం గీత అవునా కాదా అన్నది. తడి పూతలో గీసిన గీతకు రెండు వైపులా మెత్తని గట్టు లేస్తుంది. ఎండిన పూతలో గీకితే అంచులు చిట్లి, రంగు పొర విరిగి, లోపలి తెలుపు బయటపడుతుంది. మొదటిది పనివాళ్ళది, రెండోది తర్వాతివాళ్ళది. ఇక పాత పూత మీద కొత్త పూత పట్టడానికి మేస్త్రీలు పొడిచిన గంట్లు వేరు. అవి దగ్గరదగ్గరగా, ఒకే వాలులో, లోతుగా ఉంటాయి. వాటిలో అక్షరాలు వెతికి మోసపోయినవాళ్ళు ఉన్నారు.

నమోదు చేసే వరస ఇలా ఉండాలి. ముందు చోటు: పాంపే చిరునామా మూడు అంకెలు, ప్రాంతం, దిమ్మె, గుమ్మం. తర్వాత ఏ గది, ఏ గోడ, మూల నుంచి ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు. తర్వాత అక్షరాల ఎత్తు, వరుస పొడవు. ఆ తర్వాతే ఫొటో, అందులో కొలబద్ద తప్పనిసరి. వెలుతురు గోడకు దాదాపు సమాంతరంగా పక్క నుంచి పడాలి. ఎడమ, కుడి, పైన, కింద విడివిడిగా తీయాలి. గీత వాలును బట్టి ఒక వైపు వెలుతురులో మాయమైనది మరోవైపు తేలుతుంది. ఇంకా బాగా కావాలంటే కెమెరాను కదపకుండా దీపాన్ని నలభై యాభై చోట్ల పెట్టి తీసి, కంప్యూటర్లో కలపాలి. రాసుకునేటప్పుడు పోయిన అక్షరాల్ని ఊహించి పూరిస్తే చదరపు కుండలీకరణాల్లో, పొట్టిరూపాన్ని విప్పితే గుండ్రని వాటిలో, అనుమానం ఉన్న అక్షరం కింద చుక్క. మీరు ఊహించినదీ గోడ మీద ఉన్నదీ కలిసిపోతే ఇక ఎవరూ విడదీయలేరు.

మన శాసనాల పని తెలిసినవాళ్ళకు ఒక మాట. రాతి శాసనానికి తడి కాగితం కొట్టి నకలు తీసినట్టు ఇక్కడ చేయకూడదు. రంగు కాగితంతో వచ్చేస్తుంది, వదులైన పూత ఊడుతుంది. గీతల్లో సుద్ద నింపడం కూడా వద్దు.

ఏముంటాయి వాటిలో? పేర్లు, ‘ఫలానావాడికి ఫలానావాడి నమస్కారం’ అనే పలకరింపులు అన్నింటికంటే ఎక్కువ. లెక్కలు, అక్షరమాలలు, పడవలు, గ్లాడియేటర్లు, పక్షులు. రోమన్ కవి వర్జిల్ మహాకావ్యపు మొదటి మాటలు, ‘ఆయుధాలనూ వీరుణ్ణీ పాడతాను’ అని అర్థమిచ్చే ‘అర్మా విరుమ్‌క్వే కానో’ ఎన్నో చోట్ల, బహుశా బడిలో మొదట నేర్చేవి కనుక. ఒక చాకలి పనివాళ్ళ ఇంటి ముందు దాన్నే మార్చి, ‘చాకళ్ళనూ గుడ్లగూబనూ పాడతాను, ఆయుధాలనూ వీరుణ్ణీ కాదు’ అని రాశారు. గుడ్లగూబ ఆ వృత్తివాళ్ళ గుర్తు. ఒక ఇంటి ముంగిట గదిలో రోజువారీ ఖర్చు ఉంది: ఒక రోజు జున్ను 1 అస్సు (చిన్న రాగి నాణెం), రొట్టె 8, నూనె 3, ద్రాక్షసారా 3. మరుసటి రోజుల్లో బానిస కుర్రాడి రొట్టెకు 2 అస్సులని విడిగా రాశారు. ఆ చిన్న పద్దులో ఒక ఇంటి అంతస్తులు కనిపిస్తాయి. మరోచోట జువెనిల్లా అనే పాప ఆగస్టు 2, శనివారం సాయంత్రం రెండో గంటకు పుట్టిందని.

వెట్టియుల ఇంటి వాకిలి దగ్గర ‘ఎవుటికిస్, గ్రీకు పిల్ల, 2 అస్సులు, మంచి నడవడిక’ అని ఉంది. దీన్ని కొందరు ఇంట్లోని బానిస పిల్లతో జరిగిన వ్యాపారపు ప్రకటన అంటారు, కొందరు ఎవరో తిట్టిపోసిన రాత అంటారు. ఏదైనా, రెండు అస్సుల ధరకు ఒక మనిషి పేరు గోడకెక్కింది. లోపలి అందమైన మన్మథుల పట్టీని చూసే ముందు ఈ వాకిలి దగ్గర ఆగాలని నా అభిప్రాయం.

గీకిన రాతలు ఇంట్లో ఎక్కడ ఎక్కువ? చాటుగా ఉన్న మూలల్లో ఉంటాయనుకుంటాం. తీరా చూస్తే ముంగిట గది, స్తంభాల నడవ, మెట్ల దారి లాంటి రాకపోకలున్న చోట్లే. మాయియస్ కాస్ట్రికియస్ ఇంట్లో 85 గీకిన రాతలు లెక్కకొచ్చాయి. మెట్ల గోడ మీద పద్యపంక్తులు ఒకదాని కింద ఒకటి, వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. ఒకరు రాస్తే మరొకరు జవాబుగా రాశారు. పొడి పొడి పేర్లుగా చూస్తే చిల్లర రాతలు, చోటుతో కలిపి చూస్తే ఒక సంభాషణ. బహిరంగ కట్టడాల్లోనూ ఇదే అలవాటు. న్యాయసభ గోడ మీద ఒకరు, ‘గోడా, ఇంతమంది రాతల విసుగును మోస్తూ నువ్వు కూలిపోనందుకు ఆశ్చర్యపోతున్నాను’ అని ద్విపద రాశారు. అదే ద్విపద ఊళ్ళో మరో రెండు చోట్ల కూడా దొరికింది.

బొగ్గు రాతలు అన్నింటికంటే బలహీనం. గుడ్డ తగిలినా పోతాయి. ఆ బలహీనతే ఒక్కోసారి సాక్ష్యం. 2018లో ఐదో ప్రాంతంలోని తోట ఇంట్లో, మరమ్మత్తు జరుగుతున్న గదిలో, ‘నవంబరు మొదటి తేదీకి 16 రోజుల ముందు’ అనే బొగ్గు రాత బయటపడింది. రోమన్లు రెండు చివరలూ కలిపి లెక్కిస్తారు కనుక అది అక్టోబరు 17. విస్ఫోటం ఆగస్టు 24న అన్నది పాత లెక్క. బొగ్గు ఎక్కువకాలం నిలవదు కనుక ఈ రాత అదే ఏడాదిది అయి ఉంటుందని, విస్ఫోటం అక్టోబరు చివర్లో అని చాలామంది ఇప్పుడు అంటున్నారు. అయితే ఆ రాతలో సంవత్సరం లేదు. తేదీ తర్వాతి మాటల్ని కూడా పండితులు ఒక్కలా చదవడం లేదు. కాబట్టి దీన్ని బలమైన సూచన అనండి, రుజువు అనకండి.

మీరు వెళ్ళినప్పుడు: ఉదయం తొందరగా లేదా సాయంత్రం వెళ్ళండి, ఎండ పక్కవాటుగా పడుతుంది. గాజు అడ్డం ఉన్న గోడ దగ్గర ఒక పక్కకు జరిగి వాలుగా చూడండి. బొమ్మకు ఎదురుగా కాక, నడుం నుంచి కంటి ఎత్తు మధ్య ఖాళీ రంగు పట్టీలో వెతకండి. వేలితో తాకొద్దు, చేతి చెమటలో ఉప్పుంటుంది. మెరుపు ఎక్కువగా ఉన్న గోడ మీద రంగును నమ్మొద్దు. గత శతాబ్దాల్లో రంగు తేలాలని మైనం పూశారు. అది పసుపెక్కి, దుమ్ము పట్టి, లోపలి చెమ్మను బయటికి పోనివ్వక పూతను ఉబ్బించింది. 2015లో ముగిసిన రహస్యాల విల్లా అనే పాంపే ఇంటి పనిలోనూ, 2023 జనవరిలో తెరిచిన వెట్టియుల ఇంటిలోనూ పెద్ద శ్రమ ఆ మైనాన్ని తీయడానికే. సిమెంటు అతుకులు ఇంకా చెడ్డవి. ఉప్పు వదులుతాయి, గాలి ఆడనివ్వవు. ఇప్పుడు పగుళ్ళలోకి సన్నని సున్నపు ముద్దనే సూదితో ఎక్కిస్తారు.

చివరిగా, వెతికిన రాత కనబడకపోతే మీ కంటి తప్పు అనుకోవద్దు. 1748లో తవ్వకాలు మొదలైనప్పటి నుంచి చాలాకాలం మధ్య చిత్రాల్ని చదరంగా కోసి తీసుకుపోయి చట్రాల్లో బిగించారు. నేపుల్స్ మ్యూజియంలో ఉన్నవి అవే. కోసిన కన్నం చుట్టూ మిగిలిన గోడ ఎండావానలకు రాలింది, దానితో పాటు దాని మీది అక్షరాలూ. 1871లో మొదలైన, లాటిన్ శాసనాల సంకలనంలోని నాలుగో సంపుటంలోనూ దాని అనుబంధాల్లోనూ పదకొండు వేలకు పైగా రాతలున్నాయి. వాటిలో ఎన్నింటికో ఇప్పుడు గోడ లేదు, అప్పటి పండితుడు పెన్సిలుతో గీసుకున్న నకలే ఉంది. అందుకని ముందు ఆ సంపుటపు సంఖ్య చూసి, రాత ఏ గదిలో ఏ గోడ మీద ఉండేదో రాసుకుని వెళ్ళండి. గోడ ఖాళీగా ఉన్నా, రాసినవాడు ఎక్కడ నిలబడ్డాడో అక్కడ మీరు నిలబడగలుగుతారు.